ఒక లిస్ట్, ముగ్గురి చేతులు

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో మునిగిపోయాయి. మా మొహల్లా కుర్రాళ్లం కలిసి రాషన్ పంచుదామని ఎక్సెల్‌లో ఇళ్ల లిస్ట్ రాశాం. పేరు, గల్లీ, ఇంట్లో ఎంతమంది, కిట్ అందిందా లేదా. అంతే.

ఆ ఫైల్ని వాట్సాప్‌లో పంపుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున నేను కొత్తగా పన్నెండు ఇళ్లు రాశాను. అదే టైంలో మా తమ్ముడు తన ఫోన్లో ఉన్న పాత కాపీలో ఇంకేవో దిద్దాడు. రాత్రికి వాడు పంపిందే ఫైనల్ అయ్యింది. నా పన్నెండు ఇళ్లూ గాయబ్!

వాటిలో ఒక బేవా ఖాలా ఇల్లుంది. మూడోరోజు కనబడితే అడిగింది: "బేటా, మొన్నొచ్చి పేరు రాసుకెళ్లావు కదా. మళ్లీ ఎవరూ రాలేదేంటి?" షర్మ్‌తో తలెత్తలేకపోయాను.

ఎవరి నియ్యత్‌లోనూ ఖరాబీ లేదు. ఇద్దరం ఒకే పాత లిస్ట్ చూసి, ఎవరి కాపీలో వాళ్లం రాసుకున్నాం. అలాంటప్పుడు ఆఖర్న వచ్చిందే నిలుస్తుంది, ముందుది పోతుంది. వాట్సాప్‌లో పంపిన ప్రతి కాపీ వేరే ఫైలే, ఒకదాని ఖబర్ ఇంకోదానికి తెలీదు.

ఆ రాత్రే లిస్ట్‌ని గూగుల్ షీట్స్‌లోకి మార్చాం. అక్కడ ఫైల్ ఒకటే. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లకి అప్పుడే కనిపిస్తుంది. అయినా ఇద్దరు ఒకే గడిలో రాస్తే తర్వాత రాసిందే మిగులుతుంది. అందుకని గల్లీకో షీటు పెట్టి, ఒక్కో షీటు ఒక్కొక్కరి జిమ్మేదారీ చేశాం. వేరేవాళ్లు దిద్దకుండా దానికి తాళం వేసే వీలుంది. గల్తీ జరిగినా వెర్షన్ హిస్టరీలోకి వెళ్తే పాత లిస్ట్ మళ్లీ దొరుకుతుంది.

ఇదంతా విని అబ్బా నవ్వారు. "సూరా బఖరా 282వ ఆయత్ చదవలేదా? గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమంది. రాసేందుకు ఒక కాతిబ్, చూసేందుకు గవాహులు. అందరూ కలం పట్టుకోమని చెప్పలేదు" అన్నారు.

నిజమే. మన ఇళ్లల్లో షాదీ ఖర్చులైనా, జకాత్ హిసాబైనా, వాటాల లెక్కయినా రాసే చెయ్యి ఒకటి, చూసే కళ్లు నాలుగు ఉంటే చాలా ఝగ్‌డాలు మొదలే కావు.

ఖాలాకి మర్నాడు నేనే కిట్ తీసుకెళ్లి మాఫీ అడిగాను. "పర్లేదు బేటా" అంది. కానీ ఆ మూడు రోజులు ఆమె ఏం తిన్నదో అడిగే హిమ్మత్ నాకు రాలేదు.