అడుగున మోగే ఆనందం

పాటలో అందరికీ వినిపించేది గొంతు. ఆ గొంతును కింద నుంచి మోసేది బేస్ గిటార్. చిత్తూరులో ఓ గుమస్తా ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూసి, మేడమీద కట్టాల్సిన గదిని మానుకుని, అలాంటి ఓ మేలిరకం వాద్యాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. 'దానికి అంత డబ్బా?' అన్నవాళ్లే ఎక్కువ. ఇంతకీ ఆయనకు దక్కిందేమిటి?

'గీతాంజలి' సినిమా పాటల్లో ఏదో ఒకటి పెట్టండి. సెల్‌ఫోన్‌లో కాదు, కాస్త పెద్ద స్పీకర్లున్న సెట్టులో. గొంతును కాసేపు పక్కన పెట్టండి. వయొలిన్లనూ వదిలేయండి. వాటన్నిటి కింద ఎవరో మెత్తగా అడుగులు వేస్తూ నడుస్తున్నట్టు ఇంకో వరస వినిపిస్తుంది. తన దారిన తాను పోతున్నట్టే ఉంటుంది, పాట చెయ్యి మాత్రం వదలదు. అదే బేస్ గిటార్!

మన కచేరీల్లో తంబురా ఉంటుంది కదా... దానివైపు ఎవరూ చూడరు. కానీ అది ఆగిన క్షణంలో ఏదో వెలితి తెలుస్తుంది. సినిమా పాటలో బేస్ గిటార్‌దీ కొంచెం అలాంటి బతుకే. లయకూ రాగానికీ మధ్య నిలబడి రెంటినీ కలిపి కుడుతుంది. ఇళయరాజా పాటల్లో అయితే అదే ఒక పాటలా సాగుతుంది. ఏఆర్ రహమాన్ పాటలకు బేస్ వాయించిన చెన్నై కళాకారుడు కీత్ పీటర్స్ పేరు ఎంతమందికి తెలుసు? పాటలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

చిత్తూరు గుమస్తాగారికి కూడా పేరు మీద పెద్ద మోజు లేదు. 'నా పేరెందుకులే సామీ, వాద్యం గురించి రాస్తే చాలు' అంటారు. బేస్ వాయించేవాళ్ల స్వభావమే అంతేమో!

షాపులో వినిపించిన పాట

1989లో ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో ఒకే స్పీకరున్న చిన్న టేప్‌రికార్డరు. 'గీతాంజలి' క్యాసెట్ అరిగేదాకా విన్నారు. ఓ రోజు బస్టాండు దగ్గరి క్యాసెట్ల షాపులో అదే పాట మోగుతోంది. షాపతను సొంతంగా చేయించుకున్న చెక్క పెట్టెల్లో పెద్ద స్పీకర్లు బిగించాడు. తెలిసిన పాటే... కానీ తెలియని పాటలా ఉంది. 'అన్నా, అడుగున దుమ్ దుమ్మని పోతా ఉండేది ఏంది?' అని అడిగితే, 'అదా... బేసు' అన్నాడట షాపతను. ఆ రెండక్షరాలే ఆయనకు గురూపదేశం.

ఉద్యోగం వచ్చాక ఊళ్లోని ఆర్కెస్ట్రాలో చేరారు. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, జాతర్లు... చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాటకచేరీలకు అప్పట్లో కొదవ లేదు. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో చెన్నైలో ఓ పాత బేస్ గిటార్ కొన్నారు. అక్కడే మొదలయ్యాయి కష్టాలు.

చిత్తూరు ఎండలకు దాని దండి వంగిపోయింది. గిటార్ దండి లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగల లాగుడుకు దండి వంగితే ఆ కడ్డీని బిగించి సరిచేస్తారు. ఆయన గిటార్లో అది తుప్పుపట్టి కదలనే లేదు. తీగలు మెట్లకు దూరంగా పైకి లేచాయి. బేస్ తీగలు అసలే లావు. వాటిని అంత కిందికి నొక్కీ నొక్కీ వేళ్లు కాయలు కాశాయి. అన్నిటికీ మించి, ఓ తీగ మీద ఒక మెట్టు దగ్గర స్వరం పుట్టీ పుట్టగానే చచ్చిపోయేది. బేస్ గిటార్లలో ఇది మామూలు జబ్బే. తీగతోపాటు దండి కూడా వణికి, స్వరం బలాన్ని తాగేస్తుంది. ఆయన దానికి 'మూగ మెట్టు' అని పేరు పెట్టుకున్నారు. ఏ పాటైనా సరే, ఆ మెట్టు తగలకుండా చుట్టు తిరిగి వాయించడం అలవాటైపోయింది.

ఏడాదికోసారి మాత్రం రైలెక్కి చెన్నై వెళ్లేవారు. అన్నాశాలైలో 1842 నాటి 'మ్యూసీ మ్యూజికల్' అనే వాద్యాల దుకాణం ఉంది. గోడలకు వేలాడే గిటార్లను చేతులు వెనక్కి కట్టుకుని చూసి, రెండు తీగల సెట్లు కొనుక్కుని తిరిగొచ్చేవారు. అంతే!

రేడియో మెకానిక్ చలవ

అసలీ వాద్యం వయసు ఎంతో కాదు. అంతకుముందు పాశ్చాత్య బృందాల్లో మనిషి కంటే ఎత్తుండే డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించేవారు. మోయడం కష్టం, మెట్లు ఉండవు, డ్రమ్ముల మోతలో వినిపించదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసేవారు. ఆయనకు గిటార్ వాయించడం రాదు! అయినా వాద్యకారుల తిప్పలు చూసి, భుజాన తగిలించుకునే ఎలక్ట్రిక్ బేస్‌ను 1951లో అమ్మకానికి తెచ్చారు. మెట్లు ఉండటంతో స్వరం కచ్చితంగా పలుకుతుందని దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టారు. అందులోని అతి మంద్రమైన తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. చెవికి వినిపించడం కంటే గుండెకు తగలడమే ఎక్కువ.

ఫెండర్‌ది కర్మాగారం దారి. తర్వాత చేతిపని దారి పట్టినవాళ్లూ వచ్చారు. 1970ల్లో కాలిఫోర్నియాలోనే అలెంబిక్ సంస్థ నగల్లాంటి బేస్‌లు చేసింది. వాటితో స్టాన్లీ క్లార్క్ పేరు మోగిపోయింది. 1983లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో విన్నీ ఫోడెరా, జోయీ లారిసెల్లా కలిసి 'ఫోడెరా' సంస్థను పెట్టారు. విక్టర్ వూటెన్ చేతిలో ఉండే బేస్ వాళ్లదే. ఇలాంటివి లక్షల్లో ఉంటాయి.

ఎందుకంత ఖరీదు? బాగా ఆరిన చెక్కనే ఏరుకోవాలి. దండిని ఒకే ముక్కతో కాకుండా, ఈనెలు ఒకదానికొకటి ఎదురొచ్చేలా పట్టీలు అతికించి చేస్తే వంగదు. మెట్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా చదును చేయాలి. ఒళ్లో పెట్టుకుంటే తల బరువుకు వాలిపోకూడదు. ఇవన్నీ కుదిరితే ప్రతి మెట్టూ ఒకేలా పలుకుతుంది. మన వీణకు పనస చెక్క ఎంచుకుని, మైనం మీద ఇరవై నాలుగు మెట్లూ కూర్చేవాళ్లను అడిగితే ఆ ఓపిక విలువేమిటో చెబుతారు.

ఈ వాద్యాల మీద మమకారం ఎంతటిదంటే... బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో 30 పౌండ్లకు ఓ హాఫ్నర్ బేస్ కొన్నారు. 1972లో అది లండన్‌లో దొంగల పాలైంది. అభిమానులు పట్టువదలక వెతికితే ఓ ఇంటి అటక మీద దొరికింది. అది తిరిగి ఆయనకు చేరిందన్న సంగతి 2024లో లోకానికి తెలిసింది. ఎన్ని బేస్‌లైనా కొనగల మనిషి, అరవై ఏళ్ల నాటి ఆ 30 పౌండ్ల గిటార్ కోసం ఎదురుచూశారు!

బ్రూక్లిన్ వెళ్లొచ్చిన కర్ర

గుమస్తాగారింట్లో నెలకు పది వేల చొప్పున 50 నెలల చీటీ ఒకటి నడిచింది. అయిదు లక్షలూ చేతికొస్తే మేడమీద గది వేయాలని అనుకున్నారు. సరిగ్గా అప్పుడే న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. 'మామా, ఇక్కడ ఒకాయన తన ఫోడెరా అమ్మేస్తా ఉండాడు. పాతదే గానీ బంగారంలా ఉంది' అన్నాడు. ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. పిల్ల చదువు అయిపోయింది, అప్పుల్లేవు... అయినా అయిదు లక్షల చీటీ డబ్బుతో గిటారా? రిటైరయ్యే వయసులోనా?

రెండు రోజులు చూసి ఆయన భార్యే తేల్చేశారు. 'గది లేకుంటే మనమేం వానకు తడిసిపోము గదా. ఇన్నేండ్లుగా ఆ మూగ మెట్టును తప్పించుకుని వాయిస్తా ఉండారు. ఇంక చాలు, తెప్పించుకోండి.' మూగ మెట్టు సంగతి ఆమెకు తెలుసని ఆయనకు ఆరోజే తెలిసింది!

ఇక చెక్క గొడవ. 'మామా, ఏ కర్రతో చేసినారో ముందే కనుక్కుందాం. కస్టమ్స్‌లో పట్టుకుంటే కష్టం' అన్నాడు మేనల్లుడు. ఆ భయంలో న్యాయముంది. గిటార్లకు ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్ తెగ వాడారు. చెట్లు కరిగిపోవడంతో 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. 2017 జనవరి నుంచి తక్కిన రోజ్‌వుడ్ జాతులన్నీ 'సైటిస్' ఒప్పందం అదుపులోకి వచ్చాయి. వాద్యకారులూ తయారీదారులూ మొత్తుకుంటే, బ్రెజిల్ రకాన్ని మినహాయించి, తయారైన వాద్యాలకు 2019 నవంబరులో వెసులుబాటు ఇచ్చారు.

కనుక్కుంటే తేలిందేమిటంటే... ఆ బేస్‌కు మెట్లు పరిచిన పలక భారత రోజ్‌వుడ్. అంటే దక్షిణాది అడవుల్లో పెరిగే మన జిట్రేగి! బ్రెజిల్ చెక్క కరువయ్యాక ప్రపంచంలో ఎన్నో గిటార్లకు దిక్కయిన కర్ర అదే. మన అడవి కర్ర బ్రూక్లిన్ వెళ్లి, వాద్యమై, మళ్లీ ఇటు బయల్దేరిందన్న మాట.

శేషాచలం కొండల కింద పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదనిపిస్తుంది. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. దాని మేలిరకాలకు మెడ చేసేది మన ఎర్రచందనంతోనే. ఆ చెట్టు కూడా 1995 నుంచి సైటిస్ జాబితాలో ఉంది. ఎర్రచందనం అంటే మనకు దొంగ రవాణా వార్తలే గుర్తొస్తాయి. అదే కర్ర ఎక్కడో పాటగా మారి పలుకుతోందని ఎంతమందికి తెలుసు?

'పాటేది నాయనా?'

చెన్నై విమానాశ్రయంలో మేనల్లుడి చేతి నుంచి గట్టి పెట్టె అందుకుని, చిత్తూరు చేరేదాకా ఆయన దాన్ని తెరవలేదు. ఇంట్లో తెరిస్తే... పులి చారల్లాంటి ఈనెలున్న మేపుల్ చెక్క, తల దగ్గర ముత్యపు చిప్పతో పొదిగిన సీతాకోకచిలుక. మొదట ఆయన ఆ మూగ మెట్టునే నొక్కారు. మోగింది. నిండుగా, చాలాసేపు మోగింది.

ఎనభై దాటిన ఆయన తల్లి మంచం మీద కూర్చుని చూస్తున్నారు. 'ఇంత పెద్ద గిటారు తెచ్చినావు, పాటేది నాయనా? దుమ్ము దుమ్మంటా ఉంది అంతే' అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వేశారు.

ఆమెకు కొన్నేళ్లుగా వినికిడి తగ్గింది. వయసుతో ముందుగా పోయేది సన్నని స్వరాలు వినే శక్తి. టీవీలో పాట వస్తే 'ఎవరో సణుగుతా ఉండారు' అనేవారు. వారం పోయాక ఓ సాయంత్రం కొడుకు అన్నమయ్య కీర్తన వరసనొకదాన్ని మంద్రంలో, నిదానంగా వాయిస్తున్నారు. స్పీకరు పెట్టె మంచం కోడు పక్కనే ఉంది. చూస్తే తల్లి పెదవులు కదులుతున్నాయి. అరచేతిని మంచం పట్టె మీద ఆనించి, పల్లవి అందుకున్నారు! చెవికి కొంత, చేతికి కొంత... పాట ఆమెకు చేరింది.

పాత గిటార్‌తోనూ ఆమెకు వినిపించేదేమో. కానీ దాన్ని ఆయన ఇంట్లో ఏనాడూ వాయించలేదు. కచేరీ ఉంటే వేళ్ల నొప్పి ఓర్చుకునేవారు, అయిపోగానే సంచిలో కట్టి అటకెక్కించేవారు. అసలు కిటుకు అక్కడే ఉంది. మంచి వాద్యం ఎవరినీ రాత్రికి రాత్రి విద్వాంసుణ్ణి చేయదు. రోజూ చేతిలోకి తీసుకోవాలనిపించేలా చేస్తుంది. ఇప్పుడాయన ఆఫీసు నుంచి రాగానే కాఫీ కంటే ముందు పెట్టె తెరుస్తున్నారు. తల్లి కూడా 'నిన్నటిది వాయించు' అని అడుగుతున్నారు.

పందిట్లోకి తీసుకెళ్లాలా?

ఇక మిగిలిన చర్చ ఒక్కటే. ఆర్కెస్ట్రాలిప్పుడు తగ్గాయి. ఉన్నవాటిలోనూ కీబోర్డు వాయించేవాళ్లే ఎడమచేత్తో బేస్ కానిచ్చేస్తున్నారు. అయినా చవితికి ఒకటి రెండు పిలుపులొస్తాయి. 'ఆ దుమ్ములోకి, ఆ జనరేటరు కరెంటుకు దీన్నెందుకు తెస్తావు? పాతది తెచ్చుకో' అన్నారు మిత్రులు. వాన కురిస్తే? పందిరి గుంజకు తగిలి గీత పడితే?

ఆయన రెండురోజులు ఆలోచించారు. చివరికి పాత గిటార్‌ను వీధిలో నేర్చుకుంటానన్న కుర్రాడికి ఇచ్చేశారు. మూగ మెట్టు ఎక్కడుందో చూపించి మరీ ఇచ్చారు. కొత్తదాని పెట్టెలో మాత్రం తీగల సెట్టుతోపాటు ఓ పాత మెత్తని పంచె ముక్క, వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్ పట్టా మడిచి పెట్టుకున్నారు.

మేడమీద గది సంగతంటారా? ఇంకో చీటీ మొదలైంది.