ట్రయల్స్ బండి, మా ఆవిడ ప్రశ్న

చాన్నాళ్లకు మళ్లీ బండెక్కాలని బుద్ధి పుట్టింది. కన్నేమో పాత బుల్లెట్ ట్రయల్స్ మీద పడింది. 2019లో వచ్చిన మోడల్. పైకి లేచిన సైలెన్సర్, ఒంటి సీటు, వెనక క్యారియర్. జానీ బ్రిటెన్ అనే ఆయన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 1952లో, 1957లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే బైకు పోటీ గెలిచాడు. ఆ రోజుల గుర్తుగా చేసిన బండి ఇది. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆపేశారు కాబట్టి ఇప్పుడు సెకండ్‌హ్యాండే గతి.

పేరుకే ట్రయల్స్‌లెండి. ఇప్పటి అసలు ట్రయల్స్ పోటీ బండి 70 కిలోల చిల్లర, దానికి సీటే ఉండదు. ఇది 180 దాటుతుంది. వెయిలింగాల కోన దారిలోనో, స్వర్ణముఖి ఇసుకలోనో పడితే ఈ వయసులో లేపేదెవరు? మా ఆవిడైతే ఫొటో చూసి ఒకటే అడిగింది: "నేనేడ కూర్చునేది?"

ఏ పాత బండైనా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాల. మనం పోయేసరికే వేడిగా ఉంటే అనుమానమే. స్పోకులు వేలితో మీటితే వదులైనవి మోతలోనే తెలిసిపోతాయి. ఫోర్కుల దగ్గర ఆయిల్ చెమ్మ, హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టేయడం, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవడం... రంగు, మెరుపు అన్నీ వీటి తర్వాతే. ఆర్సీకి పదిహేనేళ్లు దగ్గరపడుంటే రెన్యువల్ ఖర్చు బేరంలోనే తేల్చుకోవాల.

నా మనసు ఇప్పుడు 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ వైపు లాగుతోంది. 150 సీసీ, బరువు 130 పైచిలుకు, వెనక సీటూ ఉంది. స్పేర్లు దొరకడమే కష్టం. కాళహస్తి, ఏర్పేడు పక్కల ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండబ్బా.