ఇట్ వర్క్స్ అంది పెట్టె

తెనాలిలో మా ఇంటి మేడమీద, బట్టల బీరువా పక్కన, రెండు హార్డ్‌డిస్కులు పట్టే నల్ల పెట్టె ఒకటుంది. నేను పెళ్లి ఫొటోగ్రాఫర్ని. తీసినవన్నీ అందులోకే పోతాయి. అందులోనే అపాచీ వెబ్‌సర్వర్, దాని మీద మా బావమరిది 2014లో రాసిచ్చిన పేజీ. ఆల్బమ్ సెలెక్షన్‌కి కస్టమర్లు షాపుకి రానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని నచ్చిన ఫొటో మీద టిక్కు పెడితే చాలు. పెట్టె చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేస్తే, వాడే డెబియన్ 7 అనే లినక్స్ ఎక్కించాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు దాని జోలికి ఎవరూ పోలేదు. నడిచే బండిని విప్పకూడదని నా నమ్మకం.

2022 జనవరి చివర్లో వాడు ఫోన్ చేశాడు. "బావా, డెడ్‌బోల్ట్ అని ర్యాన్సమ్‌వేర్ వచ్చింది. ఇలాంటి పెట్టెల్లో దూరి, ఫైళ్లకి తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడుగుతోంది. అది పడ్డ కంపెనీ వేరు, మనది కాదు. కానీ మన అపాచీ 2.2కి 2017లోనే నూకలు చెల్లాయి. మార్చెయ్."

ఆదివారం రాత్రి పదింటికి కూర్చున్నాను. డెబియన్‌లో మెట్లు దూకకూడదట. 7 నుంచి 8కి, 8 నుంచి 9కి ఒక్కొక్కటే ఎక్కాలి. 8కి ఎక్కడానికే రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో అది ఏవేవో అడిగింది, నేను ఎంటర్ కొడుతూ పోయాను. రీస్టార్ట్ చేశాను. నీలం లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. కంప్యూటర్లోంచి పిలిస్తే మాత్రం పలకలేదు.

పది నిమిషాలు చూశాను. అరగంట చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, డిసెంబరులో చేసిన పెళ్లి. 4,200 ఫొటోలు. కెమెరా కార్డులు ఫార్మాట్ కొట్టేసి వాటి మీద ఓణీల ఫంక్షన్ కూడా తీసేశాను. పెట్టెలో రెండు డిస్కులూ ఒకదానికొకటి నకలు కదా, రెండుచోట్ల ఉన్నట్టే అని ఇన్నాళ్లూ ధీమా. రెండుచోట్లేమిటి, పెట్టె ఒకటేగా!

జీలకర్రబెల్లం పెట్టాక తెర దించుతుంటే, ఆ అమ్మాయి పెళ్లికొడుకుని కాకుండా పక్కనున్న చెల్లెల్ని చూసి ఫక్కున నవ్వింది. అర సెకను. ఆ ఒక్క ఫొటో కోసం రాత్రంతా నా కడుపులో తిప్పుతూనే ఉంది. "ఏమండీ, పడుకోరా?" అని మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఏం జరిగిందో చెప్పలేదు.

తెల్లారాక బావమరిది విషయం పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ పెట్టెకి యూఎస్‌బీ డిస్కు తగిలించి ఉండేది. తీసేసి చాలా కాలమైంది గానీ, దాని పేరు, ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసుండే ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైల్లో అలాగే ఉండిపోయింది. పాత డెబియన్ అది కనపడకపోయినా పట్టించుకోకుండా లేచేది. 8తో పెట్టెని లేపే పని సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాముకి వచ్చింది. అది ఆ డిస్కు కోసం 90 సెకన్లు చూసి, రాకపోతే అక్కడే ఆగి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవర్ని? పెట్టెకి తెర లేదు, కీబోర్డు లేదు. రాత్రంతా అది అడుగుతూనే ఉంది, నేను దాని ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

నాలుగు స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీశాను. చెమటకి స్క్రూడ్రైవర్ జారింది. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోల్డరు తెరుచుకుంది. ముందు ఆ నవ్వు ఉందో లేదో చూశాను. ఉంది. మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేసుకున్నాకే, ఆ ఫైల్లో ఒక్క లైను చెరిపి, డిస్కు మళ్లీ పెట్టెలో బిగించాను. ఈసారి పలికింది.

బ్రౌజర్ తెరిస్తే నా పేజీ బదులు పెద్దక్షరాలతో "ఇట్ వర్క్స్!" అని ఉంది. వెటకారం అనుకున్నాను. డెబియన్‌లో అపాచీ 2.4 వచ్చాక సైటు ఫైలు పేరు చివర డాట్ కాన్ఫ్ ఉంటేనే చదువుతుందట, మాదానికి లేదు. పేరు మారిస్తే ఫర్బిడెన్ అంది. అనుమతి రాసే పద్ధతి కూడా మారిందట. పాత లైన్లు తీసి "రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్" అని రాశాక లోపలికి రానిచ్చింది. అక్కడితో ఆపితే బాగుండేది. బావమరిది మాట విని 9కి ఎక్కాను. పేజీ తెల్లకాగితమైపోయింది. దానితో వచ్చిన పీహెచ్‌పీ 7లో, డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్ పాత ఫంక్షన్లు ఎత్తేశారు, వాడు 2014లో రాసిందంతా వాటితోనే. "మొత్తం మళ్లీ రాయాలి బావా" అన్నాడు.

పెళ్లికూతురు అప్పటికే డాలస్ వెళ్లిపోయింది. "అన్నా, పేజీ రావట్లేదు" అని మెసేజ్ పెట్టింది. సర్వర్ పని జరుగుతోందమ్మా అన్నాను. అబద్ధమైతే కాదు. మూడో రోజు వాళ్ల నాన్నగారు కొల్లూరు నుంచి బస్సులో వచ్చారు. చేతిలో రూళ్ల నోట్‌బుక్. రెండు రోజులు నా పక్కన కూర్చుని, 186 నంబర్లు రాసుకున్నారు. అందులో నేనైతే చెత్తబుట్టలో వేసే ఫొటో ఒకటుంది: గాడిపొయ్యి దగ్గర పొగలో, మొహం సగమే కనిపిస్తూ, గరిటె పట్టుకుని ఆయన అన్నగారు. "ఇది ఫుల్ పేజీ వెయ్యి బాబూ" అన్నారు.

ఆ పేజీని మళ్లీ రాయించలేదు. రౌటర్లో బయటికి తెరిచిన పోర్టు మూసేశాను. పెట్టె ఇప్పుడు ఇంట్లోవాళ్లకే పలుకుతుంది. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయడం మానేశాను. షాపు డ్రాయర్లో ప్రస్తుతం పదకొండు కార్డులున్నాయి, ఒక్కోదాని మీద తెల్ల టేపు, టేపు మీద పెళ్లికూతురి పేరు.