అందరి కొంగా ఒకటే

జూజువాడి చుట్టుపక్కల కెమెరా పట్టినోళ్ళ ఫొటోలు చూడండి. కెలవరపల్లి డ్యామ్, పొద్దుటి ఎండ, నీళ్ళలో ఒంటికాలి కొంగ, చుట్టూ ఖాళీ. నా ఫోన్‌లోనూ అదే! ఎవరం ఎవర్నీ కాపీ కొట్టలేదు. క్యాలెండర్లలో, ఇన్‌స్టాలో ఏళ్ళ తరబడి చూసిన కొంగలే ఎప్పుడు నొక్కాలో వేలికి చెప్తున్నాయి.

అందరి దారిలో పోనోళ్ళూ ఉన్నారు. రంగుల ఫిల్ము వచ్చాక కూడా మద్రాసు వన్యప్రాణి ఫొటోగ్రాఫర్ ఎం. కృష్ణన్ (1912–96) ఏనుగుల్ని నలుపు తెలుపుల్లోనే తీశారు. అంత మొండితనం మనకేదీ?

అదే డ్యామ్ గేట్ల కింద బెంగళూరు మురుగునీటి నురుగు తెల్లగా గుట్టలు గుట్టలుగా లేస్తుంది. పేపర్లో వస్తుంది గానీ మన కొంగ ఫొటోల్లో రాదు. కాస్త పక్కకి జరిగి తప్పిస్తాం. ఏది వదిలెయ్యాలో కూడా ఆ క్యాలెండర్, ఇన్‌స్టా ఫొటోలే నేర్పాయనుకుంటా.

నురుగుతో కలిపి కొంగను తీసినోళ్ళుంటే కింద పెట్టండి, చూడాలనుంది.