రాయి ఎత్తినదెవరు?

మా ఆమదాలవలస అంటే చాలామందికి రైలు దిగి శ్రీకాకుళం బస్సెక్కే చోటు, అంతే. కాని మా పక్కనే దన్నానపేట దగ్గర ఒక పెద్ద రాతిపలక, నిలబెట్టిన రాళ్ళమీద బల్లలా ఆని వున్నది. బృహచ్ఛిలాయుగపు సమాధి అది. ఇలాంటివాటిని పల్లెల్లో రాక్షస గుళ్ళంటారు.

మొన్న సెలవులకు మా బావమరిది వచ్చాడు. సెల్‌ఫోనులో ఏదో చూపిస్తూ, "బావా, ఇది సమాధీ కాదు, గిమాధీ కాదుట. వేరే లోకంవాళ్ళు కట్టి పోయారుట. గవర్నమెంటు దాచిపెడుతోందిట! క్రేను లేకుండా అంత రాయి మనవాళ్ళెత్తగలరా?" అన్నాడు.

మా ఆవిడ కాఫీ అందిస్తూ, "మన వీధి కల్వర్టు కూడా వాళ్ళచేతే కట్టించవలసింది. ఇన్నాళ్ళుండేది" అన్నది.

ఇదేం కొత్త సరదా కాదు. తాజ్‌మహలు షాజహాను కట్టించినది కాదని పి.ఎన్. ఓక్ గారు పుస్తకాలు రాసి, సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. 2000లో కోర్టు కొట్టివేసింది. పిరమిడ్లు కట్టిన కూలీల సమాధులు గిజాలో 1990లో బయటపడ్డాయి. అయినా అవి మనుషులు కట్టలేదనేవారు అంటూనే వున్నారు.

మర్నాడు క్లాసులో ఈ కబురు చెబితే పిల్లలంతా నవ్వారు. సీతంపేట కొండలనుంచి వచ్చిన సవర కుర్రాడొక్కడే నవ్వలేదు. క్లాసయ్యాక దగ్గరకొచ్చి, "మాస్టారూ, మా ముత్తాత పోతే మావోళ్ళు రాయి తెచ్చి నిలబెట్టినారండి. తాళ్ళు కట్టి లాగినారని మా అయ్య చెప్పినాడు" అన్నాడు.

నాకు సిగ్గేసింది. గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ చేశారని ఏటా ఆగస్టు 29న ఉపన్యాసమిస్తాను. ఆ సవరలు పోయినవారికి రాళ్ళు నిలబెడతారనీ, ఆ కర్మను గువార్ అంటారనీ చదివాను కూడా. ఎదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

దన్నానపేట రాయి సవరలే ఎత్తారని నేననను. ఎవరో మనుషులే ఎత్తారు. మా మామ్మ రాక్షసులన్నదీ, బావమరిది వేరే లోకమన్నదీ ఒక్కందుకే: ఆ మట్టికాళ్ళ మనుషులకు అంత పనితనం వున్నదంటే మనకు నమ్మబుద్ధి కాదు.

ఆదివారం ఇద్దరినీ దన్నానపేట తీసుకువెళ్ళాను. కుర్రాడు పలక చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూశాడు.

"ఎంతమంది పట్టాలోయ్?" అన్నాడు బావమరిది.

"పదిమంది చాలరండి. ఊరంతా రావాల" అన్నాడు.

మా బావమరిది ఫోను జేబులోంచి తియ్యలేదు.