చెరువు పక్క ఊరు, పడవ లేని ఇల్లు

దిల్‌సుఖ్‌నగరులో బస్సు దిగినవారికి పడవ మాట తోచదు. పుస్తకాల దుకాణాలు, కోచింగు బోర్డులు, నెత్తిన మెట్రో రైలు! కాని కొంచెం నడిస్తే 1626 నాటి సరూర్‌నగరు చెరువు వుంది. 2020 అక్టోబరు వానలకు అది పొంగితే, కోదండరాం నగరు వీధుల్లో జనాన్ని పడవలెక్కించి దాటించారు.

ఎల్.బి. నగరు చౌరస్తాలో కుడికి తిరిగిన రోడ్డు నాగార్జునసాగరుకు పోతుంది. అక్కడి జాలరుల పడవ పుట్టి. వెదురు బద్దలు గుండ్రని బుట్టలా అల్లి, పట్టా తొడిగి, తారు పూస్తారు. వెనుక తోలు తొడిగేవారట. వీపున బోర్లించుకుని మనిషి నడుస్తుంటే తాబేలు నడిచినట్టే వుంటుంది. ఒడ్డున కూడా బోర్లించే వుంచాలి. లేకపోతే వాన నీరు నిలిచి వెదురు కుళ్లుతుంది. ఎండకు తారు కరుగుతుంది కనుక చెట్టునీడ కావాలి. తెడ్డు ముందువైపు వేసి నీటిని తనవైపు లాక్కోవాలి. పక్కన వేశారా, గిరగిర తిరగడమే!

స్కూటరుకే చోటు లేని మన వాటాల్లో దీన్నెక్కడ పెడతారంటారా? కాలనీ సంఘాలు కెమెరాలు కొంటున్నాయి, జెనరేటర్లు కొంటున్నాయి. వొక పుట్టి కూడా కొని గుడి పక్క వేపచెట్టు కింద బోర్లించుకోవచ్చు. తెడ్డు మాత్రం ఎండాకాలంలోనే నేర్చుకోవాలి.