ఆకలి వలస

మన ప్రాచీన కావ్యాలలో పక్షుల రాకపోకలకు ఒక నియతి ఉంది. వర్షర్తువు రాగానే హంసలు మానస సరోవరానికి పయనమవుతాయి; శరత్తులో తిరిగి వస్తాయి. ఏళ్ల తరబడి తరగతిలో ఈ కవిసమయాన్నే బోధించిన నాకు, ఋతువును కాక ఆకలిని అనుసరించే వలస కూడా ఉన్నదని 2020 శీతకాలంలో తెలిసింది.

అప్పుడు నేను అమెరికాలో, సియాటిల్ సమీపాన మా అమ్మాయి ఇంట ఉన్నాను. కరోనా వల్ల తిరుగు ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. పెరటి చెట్టుకు నా మనుమరాలు గింజలు పోసే చిన్న తొట్టె ఒకటి వేలాడదీసింది. దానిని అక్కడ ఫీడర్ అంటారు. అది చూచినప్పుడల్లా, పిచ్చుకల కోసం మా నాయనమ్మ చూరుకు కట్టే వరికంకుల కుచ్చు నా మనసులో మెదిలేది.

ఆ యేడు ఆ తొట్టె చుట్టూ పైన్ సిస్కిన్ అనే పిట్టలు గుంపులుగా మూగాయి. గోధుమవన్నె చారలు, రెక్కలలో పసుపు మెరుపు. బరువు సుమారు పదిహేను గ్రాములు. ఆ ప్రాంతానికి అవి కొత్తవి కావు. కాని అన్ని రావడం వింత. ఉత్తరాన కెనడా అరణ్యాలలో స్ప్రూస్ మొదలైన చెట్ల గింజలే వాటికి జీవనాధారం. ఆ చెట్లు ఒక యేడు విరగకాస్తాయి. మరొక యేడు విశాలమైన ప్రాంతమంతటా ఒక్కసారిగా కాపు తప్పుతాయి. అప్పుడు పక్షులు దక్షిణానికి తరలిపోతాయి. ఏ యేడు వస్తాయో, ఎంత దూరం పోతాయో నియమం లేదు. 2020 నాటి వలస, నమోదైన అతి పెద్ద వలసలలో ఒకటి.

జనవరిలో ఒక ఉదయం గుమ్మం ముందు ఒక పిట్ట ఈకలు ఉబ్బించుకొని ముడుచుకు కూర్చుంది. దగ్గరకు వెళ్లినా ఎగరలేదు. మరునాటికి మరణించింది. అది సాల్మొనెల్లా వ్యాధి. తొట్టెల వద్ద గుమిగూడిన పక్షుల రెట్ట వల్ల వ్యాపిస్తున్నదనీ, ఫీడర్లు తొలగించవలసిందనీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రజలను కోరింది. ఆ వ్యాధి పన్నెండు రాష్ట్రాలలో 29 మంది మనుషులకు కూడా సోకినట్లు తరువాత తేలింది.

"తాతయ్యా! ఆకలేసి అంత దూరం నుంచి వచ్చాయి కదా. తీసేస్తే ఏం తింటాయి?" అన్నది మనుమరాలు.

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆకలిగొన్న ప్రాణి నోటి ముందు నుంచి తిండి తీయడం పాపమని విని పెరిగినవాణ్ణి. మా అమ్మాయే అన్నది: "నాన్నా, వాగు ఒడ్డున ఆల్డర్ చెట్ల నిండా గింజలున్నాయి. చెదిరిపోతే అవే బ్రతుకుతాయి. ఒక్కచోట చేరితేనే ముప్పు." అదే కారణాన మేమూ ఇంటి గడప దాటక నెలలు గడిచాయని అప్పుడు స్ఫురించింది.

తొట్టెను నేనే విప్పి, కడిగి, లోపల దాచాను. రెండు రోజులు పిట్టలు ఆ కొమ్మ చుట్టూ తిరిగాయి. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మూడవనాడు మనుమరాలు చేయి పట్టుకొని వాగు వైపు తీసుకువెళ్లింది. ఆల్డర్ కొమ్మల చివర, ఇక్కడ రెండు, అక్కడ నాలుగు, తలక్రిందులుగా వ్రేలాడుతూ గింజలు ఒలుచుకుంటున్నాయి.

పెట్టడం దయ అని నాయనమ్మ వద్ద నేర్చుకొన్నాను. ఒక్కొక్కప్పుడు పెట్టకుండా ఉండడం కూడా దయే అని ఆ పిట్టల వద్ద నేర్చుకొన్నాను.